తోక దగ్గరి చోటు

నేను ఒక జీపును. కొండదారుల్లో అరిగిపోయిన ముసలి జీపును. ముందు చక్రాలు, వెనక చక్రాలు కలిసి లాగుతాయి కాబట్టి బురదలో దిగినా రాళ్ళలో పడినా ఎలాగో బయటపడతాను. అలాగని ధైర్యవంతురాలినని అనుకోకండి. ప్రతి మలుపు దగ్గరా అవతల ఏముందోనని నా రేడియేటరు ముందే కాగడం మొదలుపెడుతుంది.

నా చూపు సంగతి మొదట చెప్పాలి. నా కళ్ళు ముందున్నాయి, రెండు గుండ్రటి దీపాలు. వెనక ఉన్నవి ఎర్రగా వెలగడానికే తప్ప చూడడానికి పనికిరావు. డ్రైవరు పక్కన అద్దం ఒకటుంది గాని అది అతనిది. అందులో ఏం కనబడుతుందో నాకు చెప్పడం ఎవరికీ తోచలేదు. దారి పక్కన బుట్టలు పెట్టుకుని నాకోసం నిలబడ్డవాళ్ళను నేను దూరం నుంచే చూస్తాను. తీరా వాళ్ళు చుట్టూ తిరిగి వెనక నుంచి ఎక్కాక, ఇక వాళ్ళు నాకు బరువూ గొంతూ మాత్రమే. దిగేటప్పుడు ఆ బరువు తగ్గుతుంది. ఒక్క మనిషి వెళ్ళిపోవడం కూడా నేను కంటితో చూసి ఎరగను. అందుకేనేమో, ఎవరు దిగినా మళ్ళీ ఎక్కుతారా అని నాకు బెంగ. సంతనుంచి ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటిదగ్గర దిగే మనిషి గురించి కూడా బెంగే.

చదువు నాకెవరూ చెప్పలేదు. దారిపక్క గోడలు చూసి నేర్చుకున్నాను. అందుకే నాకు వచ్చిన మొదటి మాట ‘సిమెంటు’. తరువాత మైలురాళ్ళు, బడి గోడల మీది నీతివాక్యాలు, లారీల వెనక రాతలు. లారీల వెనక ‘మళ్ళీ కలుద్దాం’ అని రాసుంటుంది. అలా రాసినవాళ్ళు నన్ను దాటేసి పోవడమే తప్ప ఒక్కరూ మళ్ళీ కలవలేదు.

ఎక్కడో దూరాన ఒక పెద్ద కర్మాగారంలో పుట్టాను. నాకు ముందు వరసలో ఒక జీపు, వెనక వరసలో ఒక జీపు, అందరిదీ ఒకటే రంగు. రంగు ఆరగానే నా ముందుదాన్ని రైలెక్కించి ఉత్తరానికి పంపారు. నన్ను దక్షిణానికి పంపారు. ఒక్క మాటైనా చెప్పుకోలేదు. అప్పటికి మాకు బ్యాటరీలు పెట్టలేదు.

మొదట నన్ను ఒక ప్రభుత్వ శాఖ వాళ్ళు కొన్నారు. ముందు సీట్లో ఆఫీసరుగారు, వెనక బెంచీల మీద ఫైళ్ళు కూర్చునేవి. కొండ మీది పల్లెల గురించి రాయడం ఆయన ఉద్యోగం. కొండ కింద చింతచెట్టు నీడలో నన్ను నిలిపి, పైకి చూస్తూ రాసుకునేవారు. పాపం మంచివారే, నన్నెప్పుడూ కష్టపెట్టలేదు. నాలుగు చక్రాల బలమంతా నాలో అలాగే నిలవ ఉండిపోయింది. బదిలీ అయిన రోజున నా బానెట్టు మీద చేత్తో తట్టి వెళ్ళిపోయారు. మనుషులు గుర్రాలను తట్టినట్టు మమ్మల్ని తడతారు. వదిలేసేటప్పుడే తడతారు.

వేలంలో నన్ను నర్సీపట్నం సూరిశెట్టి పాడుకున్నాడు. మనిషికింతని తీసుకుని జనాన్ని ఊళ్ళకు చేరవేసే సర్వీసు జీపులు నడపడం ఆయన పని. నాలో పదిమంది కూర్చుంటే ఆయన కంటికి ఇంకా పదిమందికి జాగా కనబడేది. ఆ కన్నుతోనే నా వెనక భాగాన్ని చూసి, చాలదని తేల్చి, ఇనప కమ్మీలు అతికించి, రేకు సాగదీసి, బెంచీలు పొడిగించి, పైన తాడిపత్రి గుడ్డ కప్పించాడు. చిట్టచివర నిలబడేవాళ్ళకు ఒక ఇనప మెట్టు కూడా పెట్టించాడు. నా తోక అలా వచ్చింది. పుట్టుకతో వచ్చింది కాదు, సూరిశెట్టి ఆశకొద్దీ వచ్చింది.

పెద్దరోడ్డు మీద బస్సులు పెరిగాక సూరిశెట్టి కూడా నా బానెట్టు తట్టాడు. అప్పటికి ఆయన దగ్గర డ్రైవరుగా ఉన్న వంతాల బొంజుబాబు నన్ను సొంతానికి తీసుకుని, కొండల్లో ఉన్న తన ఊరు గొందిమెట్టకు తోలుకుపోయాడు. ఇంటి ముందు పనసచెట్టు పక్కన నాకు రేకుల పాక వేశాడు. అతని భార్య చిలకమ్మ నా ముందు కొబ్బరికాయ కొట్టి, నా రెండు కళ్ళకూ బొట్లు పెట్టింది. చూపు కొంచెం ఎర్రబడినా సంతోషించాను.

ఆ తరువాత నా బతుకంతా సంతల బతుకే. వారానికి ఒక సంత. పసుపు బస్తాలు, అడ్డాకుల కట్టలు, పనసపళ్ళు, కోళ్ళు, కోళ్ళను పట్టుకున్న మనుషులు. సర్వీసు జీపులకు ఒక భాష ఉంది. వెనకనుంచి రేకు మీద ఒక దెబ్బ వేస్తే ఆగమని. రెండు వేస్తే పొమ్మని. హారను కన్నా ఆ దెబ్బలే నాకు బాగా అర్థమవుతాయి. ఇంకో విషయం కూడా మా సర్వీసు జీపుల వాళ్ళకు రక్తంలో ఉంటుంది. బండి ఎంత నిండినా ఇంకొకడికి చోటు ఉంటుందని వాళ్ళ నమ్మకం. బొంజుబాబుకు దేవుడి మీద అప్పుడప్పుడు అనుమానం కలిగేది గాని ఈ విషయంలో ఎన్నడూ కలగలేదు.

చిలకమ్మ ప్రతి సంతకూ వచ్చేది. డ్రైవరు పెళ్ళాం కదా, ముందు కూర్చోవచ్చు. కూర్చునేది కాదు. తోక చివర, తలుపు పక్కన కూర్చునేది. అక్కడ కుదుపు ఎక్కువని మిగిలినవాళ్ళు ఆ చోటుకు రారు. ఎదురు బెంచీ చివర చోటు మీద బుట్ట పెట్టి ఉంచేది. రాతిగెడ్డ వాగు దగ్గర నేను ఆగగానే ఆ బుట్ట లేచేది. చిలకమ్మ అక్క గాసమ్మ ఎక్కేది.

గాసమ్మను ఇచ్చింది ఎగువ జీలుగుపుట్టుకు. అది గెడ్డ అవతల కొండ నెత్తిన ఉన్న ఊరు. ఆమె తెల్లారగానే నడక మొదలుపెట్టి గెడ్డ దగ్గరకు దిగి నాకోసం చూసేది. అక్కచెల్లెళ్ళు ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించుకుని కూర్చునేవారు. కొంగులోంచి వేయించిన పనసగింజలు తీసి పంచుకునేవారు. గుంతలో నా వెనక చక్రం పడినప్పుడల్లా ఇద్దరూ బెంచీ మీదనుంచి ఎగిరి, మళ్ళీ పడి, నవ్వేవారు. ఏం చూసి నవ్వేవారో నాకు తెలియదు. ఆ నవ్వు మాత్రం నా కమ్మీల గుండా ముందుదాకా వచ్చేది. అందరి కన్నా చివర ఎక్కేది గాసమ్మ గనక, రేకు మీద రెండు దెబ్బలు వేసే హక్కు ఆమెదే. ఆ దెబ్బలు పడకుండా బొంజుబాబు గేరు వేసేవాడు కాదు.

పోయిన చలికాలంలో గాసమ్మ మోకాళ్ళు చెడిపోయాయి. ఒక సంతకు రాలేదు. తరువాతి సంతకూ రాలేదు. గెడ్డ దగ్గర బొంజుబాబు నన్ను ఆపేవాడు, కాసేపు ఇంజను నడుస్తూ ఉండేది, బుట్ట లేచేది కాదు. చైత్రంలో ఇటుకల పండుగకు ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు పట్టుకుని బండ్లను ఆపి పాటలు పాడతారు. ఆ తాడు కొస ఏటా గాసమ్మ చేతిలో ఉండేది. ఆమె పట్టుకుంటే మేం ఇంజను ఆపవలసిందే. ఈ ఏడు తాడు ఉంది, పాట ఉంది, ఆమె లేదు. చిలకమ్మ ఆ రోజు పనసగింజలు కొంగులో కట్టుకుని వచ్చి, విప్పకుండానే తిరిగి తీసుకుపోయింది.

అయితే జీలుగుపుట్టుకు ఈమధ్యే మట్టిదారి ఒకటి తవ్వారు. ఆ దారిన గాసమ్మను దింపుకొద్దామని బొంజుబాబు నన్ను ఎక్కించాడు. గెడ్డ దాటాను. గట్టు మొదట్లో పందిరాయి అని ఒకటి ఉంది. పేరుకు తగ్గట్టు నేలలోంచి వీపు ఎత్తి పడుకుని ఉంటుంది. దాని పక్కనుంచే దారి నిట్టనిలువుగా లేచి మలుపు తిరుగుతుంది. నా ముక్కు పైకి లేచింది, తోక కిందికి దిగింది, దిగి ఆ పంది వీపు మీద కూర్చుంది. వెనక చక్రాలు గాలిలో తిరిగాయి. ముసలిదాన్ని, సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఎత్తి వెనక్కి దింపారు. రాయిని పగలగొడదామంటే ఊరి పెద్దలు ఒప్పుకోలేదు. కొత్తకోడళ్ళు ఊళ్ళోకి అడుగుపెట్టే ముందు దాని మీద పసుపునీళ్ళు చల్లాలట. అత్తల నాటి రాయి.

తరువాత చిలకమ్మ తమ్ముడు మత్స్యలింగం కుర్రాళ్ళను వెంటబెట్టుకుని డోలీతో వెళ్ళాడు. కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టి భుజాల మీద మోసుకురావడం అక్కడి పద్ధతి. డోలీ ఖాళీగా తిరిగివచ్చింది. మత్స్యలింగం నా బానెట్టు ఎక్కి కూర్చుని పెద్దక్క గొంతు అనుకరించి చూపించాడు.

“బతికుండగా నలుగురి బుజాలెక్కనొరే తమ్ముడా. ఆ సవారీ ఒకటి ఎలాగూ ఉంది కదా, దానికి తొందరేటి?”

అందరూ నవ్వారు. చిలకమ్మ కూడా నవ్వి, లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఆమె భయం నాకు తెలుసు. వానలు పడితే గెడ్డ పొంగుతుంది, దసరా దాకా ఆ దారిలో బండి దిగదు. ఈ వానాకాలం దాటాక అక్క ఉంటుందో ఉండదో. పైకి ఎవరూ అనలేదు. బెంగపడేవాళ్ళకు బెంగపడేవాళ్ళు చెప్పకుండానే తెలుస్తారు.

మత్స్యలింగం మండల కేంద్రంలో గేట్లు, కిటికీ చువ్వలు చేస్తాడు. నా వెనక్కి వెళ్ళి వంగి చూసి, “బావా, దీని తోక తీసేత్తే ఎక్కేత్తాది,” అన్నాడు.

బొంజుబాబుకు తన మీసం తీసేస్తామన్నట్టు అనిపించింది. తోక తీసేస్తే ఆరుగురు కూర్చునే జాగా పోతుందని, నిలబడేవాళ్ళ లెక్క వేరేనని, సర్వీసు జీపుకు అదే పరువని చాలా చెప్పాడు. ఆ పూట అన్నం కూడా అటు తిరిగి తిన్నాడు. చిలకమ్మ అంతా విని, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు ఇస్తూ ఒక్కటే మాట అంది.

“ఆరుగురూ ఆటోలో ఎల్తారు మావా. మా అప్పకి ఏ ఆటో ఉంది?”

బొంజుబాబు చెయ్యి కడుక్కుని వెళ్ళి పందిరాయి దగ్గర వెదురుకర్రతో కొలత తీసుకొచ్చాడు.

నన్ను పాకలోంచి తీసి పనసచెట్టు కింద నిలబెట్టారు. ముందుగా పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టారు. స్టెప్నీ, బెంచీలు, సైలెన్సరు గొట్టం చివర, దీపాల వైర్లు అన్నీ వరసగా వాకిట్లోకి దిగాయి. ఇన్ని వస్తువులు నాలో ఉన్నాయా అని నాకే ఆశ్చర్యం వేసింది. బెంచీ కింద ఎప్పుడో పోయిన గాజుముక్కలు, ఒక పలక, సూరిశెట్టి నాటి తాళంచెవి, గుప్పెడు పనసగింజల పొట్టు బయటపడ్డాయి. ఊళ్ళో తీరికగా ఉన్నవాళ్ళందరూ సలహాలు పట్టుకుని వచ్చారు. ఇంకొంచెం ముందుకు కొయ్యమని ఒకరు, వెనక్కి కొయ్యమని ఒకరు, మంగళవారం ఇనుము కొయ్యకూడదని ఒకరు. ఒక ముసలాయన నా చుట్టూ తిరిగి, “గుండ్రంగా సేత్తారా, సతరంగా సేత్తారా?” అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

మత్స్యలింగం వెదురుకర్ర ఆనించి సుద్దతో గీత గీశాడు. నా పక్కల మీద చల్లగా పాకింది. అప్పుడు చిలకమ్మ వచ్చి నిలబడింది. ఆమెకు ఆ క్షణం దాకా తట్టలేదనుకుంటాను. ఎక్కడ కోస్తారో ఎవరూ ఆలోచించలేదు, ఎంత కోస్తారనే చూశారు. ఆ గీతకు అవతల ఉన్నది సరిగ్గా వాళ్ళిద్దరి చోటు.

ఆమె ఖాళీ రేకు మీదికి ఎక్కి తన చోట కూర్చుంది. ఎదుటి చోటు మీద అరచెయ్యి పెట్టింది. ఆ బరువు నాకు కంటితో చూసినంతగా తెలిసింది. అక్కను దింపుకురావాలంటే అక్క కూర్చునే చోటే తియ్యాలి. ఇలాంటి బేరాలు మనుషులకు ఎవరు పెడతారో గాని, జీపులకు మాత్రం పెట్టరు.

కోళ్ళగూడుకు పనికొస్తుందని బొంజుబాబు ఆ రేకు మీద ముందే కన్నేసి ఉంచాడు. చిలకమ్మ దిగి, పసుపు కుంకుమ తెచ్చి గీత పొడుగునా బొట్లు పెట్టింది.

“తమ్ముడా, ముక్కలు సెయ్యకు. కమ్మీతో, తలుపుతో, ఉన్నదున్నట్టు దించు,” అంది. ఎందుకని అడగబోయిన మొగుడి వైపు చూసింది. అతను అడగలేదు.

ఇనుము కోసే గ్రైండరు మొదలైంది. నిప్పురవ్వలు వాకిలంతా చిమ్మాయి, తడిగోనెలు కప్పారు, కోళ్ళు పక్కింటికి వలస పోయాయి. నొప్పి ఏమీ లేదు. నిజం చెప్పాలంటే చెవులు చిల్లులు పడ్డాయి, అంతే. సగం కోశాక కరెంటు పోయింది. మధ్యాహ్నమంతా సగం తెగిన తోకతో నిలబడ్డాను. పెళ్ళి మధ్యలో ఆగిపోయిన ఇంటిలా ఉంది వాకిలి. కరెంటు వచ్చాక మిగతాది కోసి, నలుగురూ పట్టుకుని తోకను పక్కకు దించారు. స్ప్రింగులు ఒక్కసారి పైకి లేచాయి. వెనక ఏమీ లేదనే తేలిక. దానికి అలవాటు పడడానికి నాకు చాలా కాలం పడుతుందని అప్పుడే తెలిసింది.

కొత్త రేకుతో వెనక మూసి, పొట్టి తలుపు పెట్టి, దీపాలు అతికించారు. బొంజుబాబు బ్రేకు తొక్కితే నా ఎడమ సిగ్నలు మాత్రం మిణుకుమిణుకుమంది. దారిన పోయే ఆడపిల్లలకు కన్ను కొడుతోందని మత్స్యలింగం పడీపడీ నవ్వి, వైర్లు మార్చి, భోజనానికి వెళ్ళాడు.

అతను తిని వచ్చేలోపల బొంజుబాబు ఒక పని చేశాడు. తోక చివరి ఇనప మెట్టును ఊడదీసి, నా కొత్త వెనకభాగానికి వెల్డింగు పెట్టేశాడు. కళ్ళకు అద్దం కూడా పెట్టుకోలేదు. సర్వీసు జీపు అన్నాక మెట్టు లేకుండా ఎలా? ఇంకొకడు వస్తే ఎక్కడ నిలబడతాడు? చేతులు దులుపుకుని, గంభీరంగా బీడీ ముట్టించాడు. పందిరాయి గురించి గాని, వెదురుకర్ర గురించి గాని అతనికి ఆ క్షణాన గుర్తు లేదు. మిగిలినవాళ్ళ కళ్ళకు కూడా ఆ మెట్టు ఆనలేదు. మెట్టు లేని జీపును ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు మరి.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. బొంజుబాబు, మత్స్యలింగం ముందు కూర్చున్నారు. చిలకమ్మ వెనక కురచ బెంచీ మీద కూర్చుంది. పడమటి కొండల మీద మబ్బు నల్లగా కూర్చుని ఉంది. గెడ్డలో నీళ్ళు ఇంకా చక్రాల సగం దాకానే ఉన్నాయి. గట్టు దగ్గర నా ముక్కు లేచింది. వెనకభాగం గాలిలో తేలికగా వచ్చింది. చక్రాలు పట్టాయి. అబ్బ, ఎక్కేశాను అనుకున్నానో లేదో, టంగుమని చప్పుడు. మెట్టు వెళ్ళి పంది వీపు మీద కూర్చుంది.

మత్స్యలింగం దిగి వెనక్కి వెళ్ళి చూశాడు.

“బావా, ఇది ఎవులు పెట్టీసినారు?”

బొంజుబాబు స్టీరింగు వైపు చూస్తూ, “సర్వీసు బండి కదా,” అన్నాడు.

దూరంగా ఉరిమింది. వెనక్కి ఇంటికి వెళ్ళి గ్రైండరుతో కోసుకొచ్చేసరికి గెడ్డ దాటేలా ఉంటుందని ఎవరికీ నమ్మకం లేదు. మత్స్యలింగం సంచీలో రంపపు బ్లేడు ఉంది. అతను కూర్చోబోతే బొంజుబాబు బ్లేడు లాక్కుని తనే నా కింద పడుకున్నాడు. కోస్తున్నాడు గాని మధ్యమధ్య ఆగుతున్నాడు. తన చేత్తో పెట్టిన దాని మీద మమకారం చావదు. చిలకమ్మ అతని తల దగ్గర చతికిలబడింది. గొంతులో కోపం లేదు.

“కోసీ మావా. ఇంకొకడు ఎవుడూ రాడు. రావలసింది మా అప్పొక్కర్తే.”

రంపం చప్పుడు ఆగకుండా సాగింది. మెట్టు రాళ్ళ మీద పడింది. బొంజుబాబు లేచి, చొక్కా దులుపుకుని, గేరు వేశాడు. నేను పందిని దాటాను. మలుపు ఒక్క తిప్పులో తిరిగాను. నా పుట్టుకలో ఉన్న బలమంతా ఆ రోజుకు అక్కరకు వచ్చింది. ఆఫీసరుగారు ఎక్కని కొండను ఎక్కి, ఎగువ జీలుగుపుట్టులో గాసమ్మ అరుగు ముందు ఆగాను.

ఆమె తలకు ఆముదం రాసుకుని, మూట కట్టుకుని, కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి ముఖం విప్పారింది. కర్ర పోటు వేసుకుంటూ, ఎప్పటి అలవాటు చొప్పున, నా పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. నాకు కనబడకుండా పోయింది. తరువాత ఆమె గొంతు వినబడింది.

“ఏటి మరిదీ, నా సోటేదీ?”

బొంజుబాబు బానెట్టు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. మత్స్యలింగానికి చెప్పులో రాయి దొరికింది. ఆ సోటు ఉంటే బండి ఇక్కడికి రాదు అప్పా అని చిలకమ్మ చెప్పలేదు. చివరికి, “ముందర కూకో అప్పా,” అంది.

ముందర ఆఫీసర్లు కూర్చుంటారని, తనకు అక్కడేం పని అని గాసమ్మ కాసేపు గునిసింది. వెనక ఎత్తు ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. తమ్ముడు వెనక్కి పోయి చిన్నక్క పక్కన కూర్చున్నాడు. పెద్దక్కను ముందు సీటు ఎక్కించారు. చిలకమ్మ వెనకనుంచి రేకు మీద రెండు దెబ్బలు వేసింది. బరువు లేని దెబ్బలు. ఎవరి పనో చేస్తున్నట్టు వేసింది.

దిగుతున్నంతసేపూ గాసమ్మ రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుని ఊపిరి బిగబట్టింది. పందిరాయి దాటాక, గెడ్డలో దిగాక, ఒక మాట అంది. వెనక ఉన్న చెల్లెలికి వినబడేలా గట్టిగానే అంది.

“ఇన్నేళ్ళూ ఎల్లిపోయే దారే సూసినానే సిలకా. ఒచ్చీ దారి ఇలాగ మీదికొచ్చి పడతాదని నాకేటి తెల్సు!”

వెనకనుంచి నవ్వు రాలేదు. ఒకే బండిలో ఒకరు ముందు, ఒకరు వెనక. మధ్యలో నా ఇంజను మోత. గెడ్డ దాటి గట్టెక్కుతుండగా వాన మొదలైంది. ఆ పొట్టి వెనకభాగం ఎందుకు తెచ్చుకున్నానా అనిపించింది.

మామూలుగా బొంజుబాబు నన్ను వెనక్కి నడిపి పాకలో పెడతాడు. నా చూపు రోడ్డు మీదే ఉంటుంది. ఆ రోజు వదినను అరుగు దగ్గరగా దింపాలని ముక్కు ముందుకే పెట్టి, పనసచెట్టుకు ఎదురుగా ఆపాడు. అప్పుడు చూశాను.

పనసచెట్టు కింద నా తోక ఉంది. రాత్రే పెట్టి ఉంటారు. నాలుగు చదునైన రాళ్ళ మీద, మోకాళ్ళకు ఎత్తు కాకుండా, నేలకు దగ్గరగా కుదిర్చారు. వెనక తలుపు అలాగే ఉంది. పైన కమ్మీ మీదుగా పాత తాడిపత్రి లాగి కట్టారు. లోపల రెండు బెంచీల చివరి ముక్కలు, ఎదురెదురుగా. నా వెనక నేను మోసిన దాన్ని ముందునుంచి చూడడం అదే మొదలు. ఇంత చిన్నదా అనిపించింది.

గాసమ్మ వానలో కర్ర పోటేస్తూ అరుగు వైపు కాకుండా అటే నడిచింది. రేకును చేత్తో తడిమింది, బొట్లు చూసింది. ఏమీ అడక్కుండా ఎక్కి తన చోట కూర్చుంది. చిలకమ్మ తడిసిన కొంగుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళు ఆనాయి. కొంగుముడి విప్పింది. పనసగింజలు.

వాన హోరెత్తింది. అవతల గెడ్డ చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. బొంజుబాబు అరుగు మీద నిలబడి, ఇలా కురిస్తే దసరా దాకా దారి తెరుచుకోదు, వదినను దింపడం ఎలాగో అని ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

గాసమ్మ నోట్లో గింజ నములుతూనే, “నాను ఎల్తానన్నానేటి?” అంది.

నేను బెంగపడేదాన్నే. దసరా వస్తుంది. దారి తెరుచుకుంటుంది. ఆమెను పైకి తీసుకుపోవలసింది నేనే. వాన పడుతున్నంతసేపూ ఆ ఆలోచన నా అద్దం మీద కారుతూనే ఉంది.

ఇంతలో గాసమ్మ పాత అలవాటు చొప్పున చెయ్యి బయటికి చాచి, రేకు మీద రెండు దెబ్బలు వేసింది. గట్టిగా. నా ఇంజను ఆపేసి ఉంది, అయినా ఒళ్ళు జలదరించింది.

తోక కదల్లేదు. పనసచెట్టు అక్కడే ఉంది, అరుగు అక్కడే ఉంది, ఎదురుగా ఉన్న మనిషి అక్కడే ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వారు.

నాకు తెలిసిన నవ్వే. ఎన్ని సంతలు మోశానో. చిలకమ్మ నవ్వితే కళ్ళు మూసుకుపోతాయని, గాసమ్మకు పైపన్ను ఒకటి లేదని, అప్పుడు చూశాను.